ఏటిలో వదిలిన పేరు

తుగిమిన్ సంగతి ఎత్తితే మా ఊళ్ళో ఎవరైనా ముందు అనే మాట, "పాపం, మంచివాడు." ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండిపోతుంది. మంచివాడు కాకపోయి ఉంటే, జన్మలో ఒక్కసారి ఎవరి మొహం మీదైనా "కాదు" అని ఉంటే, ఇవాళ అతని మూడు మళ్ళూ అతనికే ఉండేవి. నన్నూ మంచిదాన్నే అంటారు. ఆ పొలం పోవడంలో నా బొటనవేలు కూడా ఉంది.

మా ఇద్దరిళ్ళకీ మధ్య ఒక వెదురు దడి, అంతే. నేను సోయా గింజలు ఉడకబెట్టి, అరటాకుల్లో చుట్టి పులియబెట్టి, టెంపే చేసి సంతలో అమ్ముకుంటాను. నేను పొయ్యి అంటించే వేళకి తుగిమిన్ పొలానికి బయలుదేరేవాడు. మూడు మళ్ళూ కొండవాలులో మెట్లమెట్లుగా ఉంటాయి. పైమడి రోడ్డు పక్కన. బోదె నీళ్ళు ముందు దాంట్లో పడి, గట్టుకి పెట్టిన వెదురు బొంగులోంచి నడిమడికి, అక్కణ్ణించి కిందిమడికి జారతాయి. వెళ్ళగానే అతను చేసే మొదటి పని, తూములో చెయ్యి పెట్టి నీటి వడి చూసుకోవడం. ఆ తర్వాతే బీడీ.

అతని పెళ్ళాం కర్సితి. కోతల రోజు మొదటి కంకుల్ని ఆవిడ కొడవలితో కోయనిచ్చేది కాదు. అరచేతిలో దాగే చిన్న కత్తితో ఒక్కొక్కటే కోసేది. ఇనుము కనిపిస్తే వరితల్లి శ్రీదేవి బెదిరిపోతుందట. ఆ కంకుల్ని రెండు కట్టలు కట్టి, పెళ్ళికూతురూ పెళ్ళికొడుకూ అని పేరుపెట్టి, గొడుగు పట్టి ఇంటికి తెచ్చేది.

"మొగుడికి ఏనాడూ పట్టలేదు గానీ, కంకులకి పడుతున్నావే గొడుగు!" అనేదాన్ని దడి మీదనుంచి.

"మొగుడు తింటాడక్కా, పెట్టేది ఇవే గదా," అని నవ్వేది.

ఆ ఇద్దరికీ పిల్లల్లేరు. ఉన్నదల్లా ఆ పొలమే.

ఇక అసలు సంగతి. తుగిమిన్ పుట్టినప్పుడు అతని పేరు తుగిమిన్ కాదు. వాళ్ళమ్మకి అంతకుముందు ఇద్దరు పుట్టి పోయారు. మూడోవాడు పుట్టి నలభై రోజులు బతికేసరికి వాళ్ళ నాన్నకి కాళ్ళు నేల మీద ఆగలేదు. తోలుబొమ్మలాటలో విన్న రాజకుమారుడి పేరు తెచ్చి పెట్టాడు: జయకుసుమ. పెట్టి ఊరుకున్నాడా, తిన్నగా గ్రామ కార్యాలయానికి వెళ్ళి మూడు మళ్ళూ ఆ పేరు మీద భూమి పుస్తకంలో రాయించేశాడు. గోచీ కట్టుకునేవాడి కొడుకు, ఊయలలోనే భూస్వామి అయ్యాడు.

మూడో ఏట పిల్లాడికి జ్వరం పట్టుకుంది. తగ్గదే. కళ్ళు లోపలికి పోయాయి. మంత్రసాని వచ్చి చూసి, "పేరు బరువైపోయింది. పిల్లాడు మొయ్యలేకపోతున్నాడు," అంది. మా వైపు ఇది మామూలే. ఎర్ర జావ ఒక గిన్నె, తెల్ల జావ ఒక గిన్నె కాచి, ఇరుగుపొరుగుని పిలిచి, అందరి ఎదుటా పేరు మార్చారు. నాకప్పుడు ఏడేళ్ళు. బెల్లం వేసిన ఎర్ర జావ రెండోసారి పెట్టమని మా అమ్మ చేత దెబ్బ తిన్నాను, అందుకే అంత బాగా గుర్తుంది. పిల్లాడి జుట్టు కొంచెం కత్తిరించి, కొబ్బరిచిప్పలో పెట్టి, పాత పేరుని దాంతోపాటు ఏట్లో వదిలారు. "ఇవాళ్టితో ఆ పేరు చచ్చింది. ఎవరూ ఎత్తకండి. ఎత్తితే పిల్లాడి బదులు రోగం పలుకుతుంది," అంది మంత్రసాని. మూడోనాడు పిల్లాడు లేచి అన్నం అడిగాడు. ఇంక నమ్మకపోవడానికి ఏముంది?

ఆ పేరు నేను మీకు చెప్పేశాను. ఇప్పుడు నాకు భయం లేదు. ఎందుకు లేదో మీకే తెలుస్తుంది.

పుస్తకంలో మాత్రం పాత పేరు అలాగే ఉండిపోయింది. కొట్టించాలంటే వాళ్ళ నాన్న వెళ్ళి, రాసేవాడి ముందు ఆ పేరు నోటితో చెప్పాలి. బతికున్న ఒక్క కొడుకునీ ఎవడు పణం పెడతాడు? రేపు చూద్దాం, మాపు చూద్దాం అంటూనే ఆయన పోయాడు. ఏడాదికోసారి శిస్తు కాగితం ఆ పేరుతోనే వచ్చేది. పంచేవాడు దాన్ని అరుగు మీద బోర్లా పెట్టి వెళ్ళేవాడు. తుగిమిన్ తిప్పి చూడకుండానే తీసుకెళ్ళి కట్టి వచ్చేవాడు. ఎవరి పొలమో ఊరందరికీ తెలుసు. ఊరికి తెలిసింది కాగితానికి తెలియకపోతే ఏమవుతుందని మేమెవరమూ అనుకోలేదు.

అయిదేళ్ళ కిందట పొలాలన్నీ కొలిచి, అందరికీ పట్టాలిస్తామని మనుషులొచ్చారు. కొయ్యలు పాతారు, తాళ్ళు లాగారు. మా పెరటి కాగితం కోసం నేనూ కార్యాలయానికి వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాను. నా ముందు తుగిమిన్. బల్ల వెనక ప్రిహాది, ఊరి కార్యదర్శి. కుర్రాడు చదువుకున్నవాడు, నిదానస్తుడు. పెద్దవాళ్ళని కూర్చోబెట్టి గానీ మాట్లాడడు.

"బాబాయ్, ఈ పొలం జయకుసుమ పేరున ఉందే. ఆయనెవరండీ?"

 తుగిమిన్ తల వంచేసుకున్నాడు. చేతులు మోకాళ్ళ సందున పెట్టుకున్నాడు.

"మా ఇంట్లోవాడేనండి."

"ఇప్పుడెక్కడున్నారు?"

"ఇప్పుడు లేడండి."

"అయ్యో. పోయారా?"

 ప్రిహాది కలం పట్టుకుని ఓపిగ్గా చూస్తున్నాడు.

"అవునండి," అన్నాడు తుగిమిన్.

"మీ అన్నగారా?"

"అవునండి."

"చిన్నతనంలోనేనా?"

"మూడో ఏటండి."

బల్ల వెనక కూర్చున్నవాళ్ళు ఏదైనా అడిగితే మాకు నోటికొచ్చే జవాబు ఒకటే, అవునండి. కాదనడం అంటే వాళ్ళ మొహాన నీళ్ళు కొట్టినట్టు. ఒక అవును వెనక ఇంకో అవును. నేను బెంచీ మీదే ఉన్నాను. "కాదు బాబూ, వాడే వీడు," అని ఒక్క ముక్క అంటే అక్కడితో తెగిపోయేది. గోటితో పోయేది. నేనూ నోరు విప్పలేదు. విప్పితే ఆ పేరు అనాల్సొస్తుందని భయం, నలుగురిలో తుగిమిన్ అబద్ధమాడాడని తేలుతుందని మొహమాటం.

ప్రిహాది మొహం విప్పారింది. "అయితే తేలిక పనే బాబాయ్! ఆయన పోయినట్టు ఇద్దరు సాక్షుల చేత రాయించి తెండి. తమ్ముడిగా మీకు వచ్చేస్తుంది."

బయటికి రాగానే పట్టుకున్నాను. "ఒరే, నిన్ను నువ్వే చంపుకున్నావేంట్రా?"

"చచ్చింది పేరే కదక్కా. ఏట్లో వదిలారు గదా. అబద్ధం ఏమాడాను?"

"అన్న ఎక్కణ్ణించి వచ్చాడ్రా నీకు?"

"చదువుకున్న పిల్లాడు, బాబాయ్ బాబాయ్ అని అంత మర్యాదగా అడుగుతుంటే ఎదురు చెప్పమంటావా? నా పొలం నాకే గదా రాస్తానంటున్నాడు."

నాకూ నిజమే కదా అనిపించింది. ఏ దారిన వెళితేనేం, ఇల్లు చేరితే చాలు. రెండు రోజుల తర్వాత సాక్షిగా నేను వేలిముద్ర వేశాను. రెండో సాక్షి శ్మశానం కనిపెట్టుకుని ఉండే ముసలాయన, ఆ ఏడాదే పోయాడు. "సమాధి ఎక్కడుందండీ?" అని ప్రిహాది అడిగితే ముసలాయన నా మొహం చూశాడు. "వరదకి ఏరు కోసుకుపోయింది బాబూ," అన్నది నేనే. అంత చక్కటి అబద్ధం నా నోటికి ఎలా వచ్చిందో ఇప్పటికీ తెలీదు.

కర్సితి మాత్రం ఊరుకోలేదు. కాగితం మీదైనా సరే, ఒక మనిషి చచ్చాడని రాశాక వాడికి ప్రార్థన జరగకపోతే ఇంటికి మంచిది కాదంది. పసుపన్నం గోపురంలా పేర్చి, కోడిని వండి, ఇరుగుపొరుగుని పిలిచింది. ప్రార్థన చేసే పెద్దాయన పోయినవాడి పేరేమిటని అడిగితే, "ఈ ఇంటి బిడ్డ అనండి చాలు," అంది. అందరం ఆమీన్ అన్నాం. తుగిమిన్ మా మధ్య కూర్చుని తన చావు భోజనం తాను తిన్నాడు. కోడి కాలు కూడా అతనికే వేశారు.

వారసులెవరైనా ఉంటే చెప్పుకోవచ్చని కార్యాలయం గోడకి కాగితం అంటించారు. మూడు నెలలు ఉంచారు. నాలుగో వారంలో రిస్వాంతో వచ్చాడు. తుగిమిన్ చెల్లెలు సుమర్తి కొడుకు. సుమర్తికి పెళ్ళప్పుడే మెట్ట చేనూ, జత గేదెలూ ఇచ్చి పంపారు. ఆవిడ పోయి ఎనిమిదేళ్ళయింది. వాడు అప్పట్లో పట్నంలో ఎవరిదో లారీ తోలుతుండేవాడు. వస్తూ బత్తాయిలు తెచ్చాడు. మావయ్య చెయ్యి కళ్ళకద్దుకున్నాడు.

"మా అమ్మకి ఇంకో అన్న ఉండేవాడని నాకు తెలీనే తెలీదు మావయ్యా," అని నిజంగానే కళ్ళు తుడుచుకున్నాడు. "సమాధి చూపించు, పూలు వేసొస్తాను."

"ఏరు కోసుకుపోయింది బాబూ," అన్నాడు తుగిమిన్.

ఆ తర్వాత మాట వాడు చాలా నెమ్మదిగా అన్నాడు. పసివాడు పోతే పొలం తండ్రికి తిరిగొస్తుందట. తండ్రి పోయాక పిల్లలందరికీ. మా మతం లెక్కన కొడుక్కి రెండు పాళ్ళు, కూతురికి ఒక పాలు. ప్రిహాదే చెప్పాడట. "అమ్మ పాలు నాకొస్తుంది గదా మావయ్యా? నీ మనసుకి కష్టమైతే వద్దులే." మనసుకి కష్టమైతే వద్దులే అన్నవాడితో కష్టమేనని ఎవడంటాడు? తుగిమిన్ అవును బాబూ అన్నాడు. వాడు దుర్మార్గుడని చెప్పి నా కసి తీర్చుకోవాలని ఉంది. కాదు. వాడికి తెలిసింది వాడడిగాడు. మేం రాసిచ్చిన అబద్ధాన్నే వాడు నమ్మాడు.

మర్నాడు టెంపే బుట్ట అక్కడే దించేసి ప్రిహాది దగ్గరికి పరుగెత్తాను. "బాబూ, ఆ పోయినవాడూ ఈ తుగిమినూ ఒక్కడే. పేరు మార్చిన రోజు జావ తిన్నదాన్ని నేను."

వాడు బీరువాలోంచి కాగితం తీసి నా ముందు పెట్టాడు. కింద నా వేలిముద్ర, నీలంగా, ఒక్క గీత కూడా చెదరకుండా.

"పెద్దమ్మా, పోయాడని మీరే చెప్పారు. సమాధి కొట్టుకుపోయిందనీ మీరే చెప్పారు. అది అబద్ధమా, ఇది అబద్ధమా?"

 వాడికి నా మీద జాలేసినట్టుంది. "ఒక్క దారి ఉంది. బాబాయ్‌ని వచ్చి నా ముందు, ఇద్దరు పెద్దల ముందు, ఫలానా నేనే అని ఆ పేరు తన నోటితో చెప్పమనండి. రాసుకుని పైకి పంపుతాను. తప్పు రాయించినందుకు చివాట్లు పడతాయి, పడనీండి. పొలం నిలుస్తుంది."

తుగిమిన్ వెళ్ళాడు. ఉతికిన చొక్కా వేసుకుని, నల్ల టోపీ పెట్టుకుని వెళ్ళాడు. నేనూ కర్సితీ వెనకాల. "మీ చిన్నప్పటి పేరు చెప్పండి బాబాయ్," అన్నాడు ప్రిహాది. తుగిమిన్ పెదాలు కదిలాయి. చెమటకి చొక్కా వీపుకి అంటుకుపోయింది. అప్పుడు కర్సితి లేచి వెళ్ళి, ఆడది మగాళ్ళ మధ్యకి ఎన్నడూ వెళ్ళనిది, అతని భుజం మీద చొక్కా గుప్పిట్లో పట్టుకుంది.

"వద్దు. లే. పొలం పోతే పోయింది. నువ్వుండు."

అతను లేచాడు. దారి పొడుగునా ఆవిడ ఆ చొక్కా వదల్లేదు.

అలా మూడు మళ్ళలో ఒకటి రిస్వాంతోకి పోయింది. వాడు రోడ్డు పక్కదే కోరుకున్నాడు. కోరుకోడా మరి? పైమడి. నెల తిరక్కుండా కోళ్ళ షెడ్డు వేసే ఆయనకి అమ్మేసి లారీ కొనుక్కున్నాడు. షెడ్డాయన మట్టి తోలించి మడి పూడ్చి, చుట్టూ గోడ కట్టాడు. తూము గోడ లోపల పడిపోయింది. కొత్త కాగితాల్లో మడికి పొడుగుంది, వెడల్పుంది. పైమడి నీళ్ళు కిందికి వదలాలన్న మాట అందులో లేదు, అది ఎవరూ ఎన్నడూ రాసుకున్నది కాదు.

"వెళ్ళి అడగరా. గోడకి ఒక చిల్లి పెట్టమని అడగడానికేం?" అని తరిమాను. వెళ్ళాడు. గంట తర్వాత వచ్చాడు.

"అడిగావా?"

"టీ ఇచ్చాడక్కా. అరటికాయ బజ్జీలు పెట్టాడు. ఆయన టీ తాగుతూ ఎలా అడుగుతాను?"

నవ్వాలో కొట్టాలో తెలీలేదు. వెనక్కి తిరిగి ఇంట్లోకి వచ్చి ఏడ్చాను.

ఒక పంట కావడితో నీళ్ళు మోసి బతికించాలని చూశాడు. అరవై అయిదేళ్ళ మనిషి, ఏటి నుంచి కొండవాలు పైకి. నారు పసుపెక్కి పడిపోయింది. మరుసటి ఏడు కర్రపెండలం వేశాడు. షెడ్డు నుంచి కారే మురుగుకి అదీ కుళ్ళింది. ఆ ఏడు కోయడానికి కంకుల్లేవు. కర్సితి చిన్న కత్తిని గుడ్డలో చుట్టి దూలం సందున పెట్టేసింది. గొడుగు మాత్రం గోడకి అలాగే వేలాడేది. వానాకాలంలో దగ్గు మొదలై, ఎండాకాలం రాకముందే ఆవిడ పోయింది. ఆవిడ ప్రార్థనకి అన్నం వండటానికి బియ్యం నేనే తీసుకెళ్ళాను. ఆ ఇంట్లోకి కొన్న బియ్యం రావడం అదే మొదలు.

తర్వాత ఆ రెండు మళ్ళూ షెడ్డాయనే అడిగాడు. తుగిమిన్ ఏమన్నాడో చెప్పనక్కర్లేదు. ఇప్పుడు వేరేవాళ్ళ ఆవులకి గడ్డి కోసి పెడుతున్నాడు.

కిందటి నెల ఒక మధ్యాహ్నం దడి దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"అక్కా, ఒక పని చేసిపెడతావా?"

"ఏంట్రా?"

"నన్ను ఆ పేరుతో ఒక్కసారి పిలువు."

చేతిలో గరిటె విసిరికొట్టాను. "నీకేమైనా పిచ్చి పట్టిందా? పోయి పడుకో!"

"కర్సితి ఉండమంది, ఉన్నాను. ఇప్పుడు ఎవరి కోసం ఉండాలి? తాడు వేసుకోవడం పాపం అంటారు. పిలిస్తే పలకడంలో పాపం లేదు గదా."

ఆ రోజు నోటికొచ్చినట్టు తిట్టి పంపాను. మర్నాడు మళ్ళీ వచ్చాడు. ఆ మర్నాడూ. గొడవ చేయడు, బతిమాలడు, వచ్చి నిలబడతాడు. పదో రోజున అన్నాడు: "ఆ పేరుతో నన్ను పిలిచిన రోజులు గుర్తున్నది నీ ఒక్కదానికే అక్కా. నువ్వు పోతే నన్ను పిలిచేవాళ్ళే ఉండరు."

అతని కళ్ళు చూశాను. మూడో ఏట జ్వరంలో ఉన్న కళ్ళే, లోపలికి పోయి. వీడి పొలం మీద వేసిన వేలు నాది, వీడు అడిగిన ఒక్కటీ కాదనడానికి నాకేం హక్కుంది అనిపించింది. చేతులు తుడుచుకుని దడి దగ్గరికి వెళ్ళాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"జయకుసుమా!"

కళ్ళు మూసుకున్నాడు. "ఊఁ," అన్నాడు.

ఇద్దరం అలాగే నిలబడ్డాం. షెడ్డులో కోళ్ళు అరుస్తున్నాయి. పొయ్యి మీద సోయా పొంగి మంట చల్లారింది. ఏమీ రాలేదు. కాసేపటికి అతను ఇంట్లోకి వెళ్ళి పడుకున్నాడు. పొద్దున్నే వెళ్ళి తలుపు తోశాను. నుదురు చల్లగా ఉంది, జ్వరం లేదు. రెండోనాడూ చల్లగానే ఉంది. మూడోనాడు ఆకలేస్తోందని అన్నం అడిగాడు.

నాలుగోనాడు గడ్డిమోపు దించి, కొడవలి చేత్తో పట్టుకునే దడి దగ్గరికి వచ్చాడు.

"ఏమీ కాలేదక్కా."

"కాలేదురా."

 కొడవలికి అంటుకున్న గడ్డిపోచల్ని ఒక్కొక్కటే తీశాడు.

"అంటే, ఆ రోజు బల్ల ముందు అనేస్తే అయిపోయేదన్నమాట."

నేను తల వంచుకుని అరటాకులు చుడుతూ ఉండిపోయాను. తలెత్తేసరికి అతను మోపు నెత్తిన పెట్టుకుని షెడ్డు గోడ వెంబడి వెళ్ళిపోతున్నాడు.